అడవి తేనెటీగ కూలి ఎంత? పరాగ సంపర్కానికి విలువ కట్టే లెక్కలు, వాటి హద్దులు

సంక్షిప్తంగా: పెట్టెల్లో పెంచని తేనెటీగలు, తుమ్మెదలు, ఈగలు పంటలకు చేసే మేలుకు ప్రపంచస్థాయిలో చెప్పే భారీ అంకెలు తప్పు కావు. కాని అవి ఏ ఒక్క పొలానికీ నేరుగా వర్తించవు. అసలు విలువ పంటను బట్టి, ఆవాసం ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి, పువ్వుకు అప్పటికే అందుతున్న పుప్పొడిని బట్టి మారుతుంది. పొలం గట్టును ఎంత వెడల్పున సాగుచేయకుండా వదలాలో తేల్చుకోవడానికి ఈ లెక్క బాగా పనికొస్తుంది. అడవి ఉండాలా వద్దా అని తేల్చడానికి మాత్రం సరిపోదు.

## ఒకే విషయానికి ఇన్ని అంకెలెందుకు?

పంటల్లో 75 శాతం పరాగ సంపర్కం చేసే జీవుల మీద ఆధారపడ్డాయని ఒకచోట చదువుతాం. మరోచోట 35 శాతం అంటారు. ఇంకోచోట 5 నుంచి 8 శాతమే అని కనిపిస్తుంది. మూడూ సరైనవే. మూడూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

2007లో వచ్చిన ఒక శాస్త్రీయ సమీక్ష 115 ప్రధాన ఆహార పంటలను పరిశీలించి, వాటిలో 87 పంటలకు జంతువుల ద్వారా జరిగే పరాగ సంపర్కం ఎంతో కొంత ఉపయోగపడుతుందని తేల్చింది. ఇది పంట రకాల లెక్క. దిగుబడి బరువు చూస్తే ఆ పంటల వాటా ప్రపంచ ఉత్పత్తిలో 35 శాతానికి దిగుతుంది, ఎందుకంటే బరువులో సింహభాగం వరి, గోధుమ, మొక్కజొన్నలది. వాటికి పురుగూ అక్కర్లేదు, పక్షీ అక్కర్లేదు. ఇక పరాగ సంపర్కం చేసే జీవులు పూర్తిగా మాయమైనా ఆ 35 శాతమంతా పోదు. ఒక్కో పంట తన ఆధారాన్ని బట్టి కొంత కొంత తగ్గుతుంది. ఆ తగ్గుదలంతా కలిపితే మొత్తం ఉత్పత్తిలో 5 నుంచి 8 శాతం. "మూడోవంతు తిండి పోతుంది" అనే ప్రచారం రెండో అంకెను మూడోదానిగా చదవడం వల్ల పుట్టిందే. (తేనెటీగలు పోతే మనిషికి మిగిలేది నాలుగేళ్ళే అని ఐన్‌స్టీన్ అన్నట్టు తిరిగే మాటకైతే అసలు ఆధారమే లేదు.)

5 శాతమే కదా అని కొట్టిపారేయడానికీ లేదు. తగ్గేది పండ్లు, కూరగాయలు, గింజలు, నూనెగింజల్లో. కడుపు నింపే గంజిపదార్థం మిగిలి, విటమిన్లు, ఖనిజాలు తగ్గిపోతాయి.

డబ్బు లెక్కల్లోనూ ఇదే తేడా ఉంది. 2005 సంవత్సరానికి వేసిన ఒక అంచనా కీటకాల పరాగ సంపర్కం విలువను 15,300 కోట్ల యూరోలుగా చెప్పింది. అది ఆ ఏడాది ప్రపంచ ఆహార పంటల విలువలో 9.5 శాతం. జీవవైవిధ్యంపై ఏర్పడిన అంతర్‌ప్రభుత్వ వేదిక ఐపీబీఈఎస్ 2016 నివేదికలో ఆ విలువ ఏటా 23,500 కోట్ల నుంచి 57,700 కోట్ల డాలర్ల మధ్య ఉంది. పై అంచు కింది అంచుకు రెట్టింపు కన్నా ఎక్కువ. ఈ ఎడం ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియాలంటే లెక్క కట్టే తీరు చూడాలి.

## లెక్క కట్టే మూడు దారులు

అన్నిటికన్నా ఎక్కువగా వాడేది ఆధార నిష్పత్తి పద్ధతి. ఒకే తోటలో కొన్ని పూగుత్తులకు సన్నని వల సంచి కట్టి పురుగులు రాకుండా చేస్తారు, కొన్నిటిని తెరిచి ఉంచుతారు. రెండింటి కాపులో తేడాయే ఆధారం. పుచ్చ, గుమ్మడి, కోకో, వెనిలా వంటివి పై వరుసలో ఉంటాయి, వాటికి సగటున 95 శాతం వేసుకుంటారు. ఆపిల్, బాదం, మామిడి, దోస రెండో వరుస, 65 శాతం. కాఫీ, పొద్దుతిరుగుడు, వంకాయ, స్ట్రాబెర్రీ మూడో వరుస, 25 శాతం. టమాటా, కంది, నిమ్మజాతి పండ్లు అడుగున, 5 శాతం. పంట విలువను ఈ శాతంతో గుణిస్తే మొత్తం వచ్చేస్తుంది.

సులభంగా ఉండడమే ఈ పద్ధతి బలహీనత. ఒక ఉదాహరణ చూస్తే తెలుస్తుంది. హెక్టారు పంట 100 రూకలకు అమ్ముడయింది, ఆధారం 65 శాతం అనుకుందాం. స్థూల లెక్క ప్రకారం పరాగ సంపర్కం విలువ 65. కాని కోత, గ్రేడింగ్, రవాణా ఖర్చులు కాసినంతకే అవుతాయి. అవి 40 అయితే, కాయ తగ్గినప్పుడు అందులో 65 శాతం, అంటే 26, ఖర్చు కూడా మిగులుతుంది. నికర విలువ 39కి దిగింది. పూలకు అందిన పుప్పొడిలో 60 శాతం పెట్టె తేనెటీగలే తెచ్చాయనుకుంటే అడవి కీటకాల వాటా 15.6. మొదలుపెట్టిన 65కూ చివరికి తేలిన 15.6కూ మధ్య నాలుగు రెట్లకు పైగా తేడా ఉంది. పత్రికల్లో ఎక్కువగా కనిపించేది మొదటి అంకె.

రెండో దారి ప్రత్యామ్నాయ ఖర్చు: కీటకాలు లేకపోతే ఆ పనికి ఎంత పెట్టాలి? చైనాలోని సిచువాన్ రాష్ట్రంలో ఆపిల్, బేరి తోటల్లో మనుషులు చెట్లెక్కి కుంచెలతో పుప్పొడి అద్దిన సంగతి ప్రసిద్ధం. దాని తర్వాతి కథ అంతగా ప్రచారంలోకి రాలేదు: కూలి రేట్లు పెరిగాక అక్కడి రైతులు చాలామంది చేతి పరాగ సంపర్కం అక్కర్లేని పంటలకు మారిపోయారు. ప్రత్యామ్నాయం ఖరీదైతే ఎవరూ దాన్ని కొనరు, పంటే మారుతుంది. కాబట్టి ఈ పద్ధతి విలువను పెంచి చూపే ప్రమాదం ఉంది. ఆయిల్ పామ్‌లో జరిగింది దీనికి తలకిందులు. మలేషియాలో చేతితో పుప్పొడి చల్లే పని చేయిస్తుండగా, 1981లో కామెరూన్ నుంచి ఎలైడోబియస్ కామెరూనికస్ అనే చిన్న ముక్కుపురుగును తెచ్చి వదిలారు. ఆ కూలి ఖర్చు దాదాపుగా పోయింది, గెలల్లో కాయ నిండడమూ మెరుగుపడింది. పురుగు చేసే పని వెల ఎంతో పద్దుల్లో నేరుగా కనిపించిన అరుదైన సందర్భం ఇది.

మూడోది వినియోగదారుడి వైపు నుంచి చూసే లెక్క: సరుకు తగ్గితే ధర పెరుగుతుంది, ఆ భారం కొనేవారి మీద ఎంత పడుతుంది? ఇందులో పంట నష్టపోని ప్రాంతపు రైతు లాభపడతాడు కూడా. సరుకు తగ్గితే ధర ఎంత పెరుగుతుందన్న ఊహను కొంచెం మారిస్తే ఫలితం చాలా మారిపోతుంది.

## పువ్వు దగ్గర జరిగేది

విలువ పత్రికల శీర్షికల్లోని అంకెల్లో ఉండదు, పువ్వు ఆడభాగం కొసన ఉండే కీలాగ్రం మీద పడే పుప్పొడి రేణువుల సంఖ్యలో ఉంటుంది. పుచ్చ ఆడపువ్వు తెరుచుకునేది ఒక్క పూటే. కాయ నిండుగా, వంకర లేకుండా పెరగాలంటే ఆ వ్యవధిలో కీలాగ్రానికి సుమారు 1,000 పుప్పొడి రేణువులు చేరాలి. తేనెటీగ ఒకసారి వాలితే చాలదు, పువ్వుకు కనీసం 8 సార్లు వాలాలని సాగు మార్గదర్శకాలు చెబుతాయి. తక్కువైతే పిందె రాలిపోతుంది, లేదా కాయ ఒకవైపే ఊరుతుంది. ఎరువూ నీరూ ఎంత పోసినా ఈ వంకర సరికాదు.

స్ట్రాబెర్రీ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. పండు మీద కనిపించే ప్రతి గింజా ఫలదీకరణ జరిగాక ఆక్సిన్ అనే హార్మోన్ విడుదల చేసి తన చుట్టూ ఉన్న కండను ఉబ్బిస్తుంది. గింజ ఫలించని చోట కండ పెరగదు, పండు గుంటలు పడుతుంది. 2014లో ప్రచురితమైన ప్రయోగంలో తేనెటీగలు వాలిన పండ్ల వాణిజ్య విలువ, గాలి మీద మాత్రమే ఆధారపడిన వాటికన్నా సుమారు 39 శాతం, స్వపరాగంతో కాసిన వాటికన్నా 54 శాతం ఎక్కువగా తేలింది. పండు గట్టిగా ఉండి ఎక్కువ కాలం నిలవడమూ ఇందులో భాగం. దిగుబడి బరువు ఒక్కటే చూసే లెక్కల్లో ఈ నాణ్యత విలువ జారిపోతుంది.

ఇక్కడే పరిమితి కూడా ఉంది. 1,000 రేణువులు అందాక మరో 1,000 పడినా కాయకు ఒరిగేది లేదు. ఒక మొక్క మోయగల కాయల సంఖ్యను నీరు, నత్రజని, ఆకుల విస్తీర్ణం నిర్ణయిస్తాయి. పుప్పొడి ఇప్పటికే చాలినంత అందుతున్న పొలంలో మరికొన్ని తేనెటీగల అదనపు విలువ సున్నా. అదే, అంచు మీద ఉన్న పొలంలో కొద్ది తగ్గుదల కూడా పెద్ద నష్టం. ఒకే ఊళ్ళో పక్కపక్క పొలాలకు వేర్వేరు జవాబులు రావడానికి ఇదే కారణం. అమెరికా, కెనడాల్లో 7 పంటల మీద చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో 5 పంటలు పుప్పొడి కొరతతోనే దిగుబడి కోల్పోతున్నట్టు తేలింది. అంటే కొరత ఊహ కాదు, కాని సార్వత్రికమూ కాదు.

## పెట్టెలుండగా అడవి కీటకాలెందుకు?

"అడవి" అనే మాటతో దట్టమైన అరణ్యాన్ని ఊహించనక్కర్లేదు. పెట్టెల్లో పెంచనివి అని మాత్రమే దాని అర్థం. ప్రపంచంలో సుమారు 20,000 తేనెటీగ జాతులున్నాయి. వాటిలో అత్యధికం ఒంటరిగా బతికేవి, తేనెపట్టు పెట్టనివి, నేలలో కన్నం చేసుకుని గూడు కట్టేవి. గట్లు, బీళ్ళు, కంచె పొదలే వాటి ఇళ్ళు.

పెట్టె తేనెటీగ అన్ని పువ్వులకూ సరైన పనివాడు కాదు. టమాటా, వంకాయ పువ్వుల పరాగకోశాలు కొసన చిన్న రంధ్రంతో ఉంటాయి. పువ్వును పట్టుకుని రెక్కల కండరాలతో గట్టిగా కంపింపజేస్తేనే పుప్పొడి రాలుతుంది. నల్ల తుమ్మెదలు, బంబుల్ తేనెటీగలు ఆ పని చేస్తాయి, పెట్టె తేనెటీగలకు అది చేతకాదు. అల్ఫాల్ఫా అనే పశుగ్రాసపు మొక్క పువ్వులోకి దూరితే కేసరాలు ఎగిరి తలమీద కొడతాయి. పెట్టె తేనెటీగ ఆ దెబ్బ తినకుండా పక్కనుంచి మకరందం లాగడం త్వరలోనే నేర్చుకుంటుంది. అందుకే అల్ఫాల్ఫా విత్తన సాగులో ఆకులు కత్తిరించి గూడు కట్టే తేనెటీగలను ప్రత్యేకంగా పెంచుతారు. చలిలో, మబ్బు పట్టినప్పుడు పెట్టె తేనెటీగలు గూట్లోనే ఉండిపోతాయి, బంబుల్ తేనెటీగలు అప్పుడూ ఎగురుతాయి.

2013లో 41 పంట వ్యవస్థల సమాచారాన్ని కలిపి చూసిన అధ్యయనం తేల్చిందేమంటే, వాలే సంఖ్య అదే మోతాదులో పెరిగినప్పుడు అడవి కీటకాల వల్ల కాయ పట్టడం పెట్టె తేనెటీగల వల్ల కన్నా రెట్టింపు పెరుగుతుంది. ఇంకో మెలిక ఉంది. కాలిఫోర్నియాలో హైబ్రిడ్ పొద్దుతిరుగుడు విత్తన పొలాల్లో అడవి తేనెటీగలు ఎదురుపడినప్పుడు పెట్టె తేనెటీగలు ఆ వరుస వదిలి మరో వరుసకు ఎగిరిపోయేవి. మగ వరుస నుంచి ఆడ వరుసకు పుప్పొడి చేరాల్సిన పంట అది. ఈ తోపులాట వల్ల పెట్టె తేనెటీగల సామర్థ్యం ఐదు రెట్ల వరకు పెరిగింది. అప్పుడు ఆ దిగుబడిలో ఎవరి వాటా ఎంత? పైన వేసిన 60–40 పంపకం ఎంత మోటు లెక్కో ఇక్కడ బయటపడుతుంది.

బీమా కోణం కూడా ఉంది. వరోవా పేలు పట్టి తేనెపెట్టెలు దెబ్బతిన్న ఏడాది, ఒక్క జాతి మీదే ఆధారపడిన తోటకు రెండో దారి ఉండదు. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో 23 పుచ్చ పొలాలను పరిశీలిస్తే, 90 శాతానికి పైగా పొలాల్లో స్థానిక అడవి తేనెటీగలే ఒంటరిగా చాలినంత పుప్పొడి అందిస్తున్నట్టు కనిపించింది. పెట్టెలు పుష్కలంగా ఉన్న ఏడాది ఈ సామర్థ్యానికి అదనపు విలువ లేనట్టే కనిపిస్తుంది. పెట్టెలు లేని ఏడాది పంటంతా దానిమీదే ఉంటుంది.

## దూరాన్ని బట్టే ధర

చిన్న ఒంటరి తేనెటీగలు గూటి నుంచి సాధారణంగా 150 నుంచి 600 మీటర్ల లోపే తిరుగుతాయి. ఒళ్ళు చిన్నదైన కొద్దీ పరిధి తగ్గుతుంది. పంట ప్రయోగాలు ఇదే చూపిస్తాయి. సహజ ఆవాసం నుంచి 1 కిలోమీటరు దూరం పోయేసరికి, పెట్టె తేనెటీగలు ఉన్నా సరే, కాయ పట్టడం సగటున 16 శాతం తగ్గుతుందని 2011లో వచ్చిన అంతర్జాతీయ విశ్లేషణ చెప్పింది. సగటు ఒక్కటే కాదు, కాపులో స్థిరత్వమూ తగ్గుతుంది. అప్పు తెచ్చి సాగు చేసే రైతుకు రెండోది మొదటిదానికన్నా ముఖ్యం.

దీని అర్థం, వంద హెక్టార్ల ఒకే ముక్క అభయారణ్యం దూరంగా ఉండడం కన్నా పొలాల మధ్య చెదిరిన చిన్న చిన్న బీళ్ళు పంటకు ఎక్కువ మేలు చేయవచ్చు. కెనడాలోని అల్బర్టాలో ఆవజాతి నూనెగింజల పంట కనోలా మీద చేసిన లెక్క మరీ సూటిగా ఉంది: పొలం అంచు నుంచి 750 మీటర్ల లోపు భూమిలో 30 శాతం సాగుచేయకుండా వదిలితే మొత్తం దిగుబడి, లాభం గరిష్ఠానికి చేరతాయి. ఈ అంకెను మరో పంటకు, మరో నేలకు ఎత్తిపెట్టడం తప్పు. కొంత భూమి వదలడం వల్ల మొత్తం పెరగవచ్చన్న యంత్రాంగం మాత్రం సాధారణమైనదే. ఇంగ్లండ్‌లో ఒక పెద్ద వాణిజ్య క్షేత్రంలో దిగుబడి తక్కువగా ఉండే అంచులు 8 శాతం మేర తీసి ఆవాసంగా మార్చినా, ఐదేళ్ళలో మొత్తం పంట తగ్గలేదు. కొన్ని పంటల్లో పెరిగింది.

## ఆవాసం పెంచడం: ఎక్కడ చెడుతుంది

పూల పట్టీ వేయగానే దిగుబడి పెరుగుతుందని ఆశపడితే నిరాశే. మిచిగన్‌లో బ్లూబెర్రీ తోటల పక్కన వేసిన అడవి పూల పట్టీలు మొదటి రెండేళ్ళు పెద్దగా ఫలం చూపలేదు. మూడు, నాలుగో ఏడాదికి గాని అదనపు కాపు విలువ పట్టీ వేసిన ఖర్చును దాటలేదు. కీటకం ఏడాదికి ఒకటో రెండో తరాలు మాత్రమే పెరుగుతుంది, జనాభా అంతకన్నా వేగంగా రాదు. అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2020 విశ్లేషణ ప్రకారం పూల పట్టీలు చీడపురుగుల నియంత్రణను సగటున 16 శాతం పెంచాయి, పరాగ సంపర్కం మీద ప్రభావం మాత్రం పొలానికో తీరుగా ఉంది. పాత పట్టీలు, ఎక్కువ జాతుల పూలున్నవి మెరుగ్గా పనిచేశాయి.

విఫలమయ్యే చోట్ల కారణాలు కొన్నే. మొదటిది, పూత కాలం. పంట పూసేది రెండు నుంచి నాలుగు వారాలు, తేనెటీగకు గూడు కట్టే కాలమంతా తిండి కావాలి. పట్టీలో పూలు పంటతో పాటే పూస్తే అవి పంట నుంచి తేనెటీగలను లాక్కుంటాయి. పంటకు ముందూ తర్వాతా పూసేవి ఉండాలి, ఒక్కో దశలో కనీసం మూడు జాతులుంటే ఒకటి దెబ్బతిన్నా గండి పడదు.

రెండోది, తిండి ఉండి ఇల్లు లేకపోవడం. నేలలో గూడు కట్టే జాతులకు ఎండ తగిలే, నీరు నిలవని, దున్నని బోడి నేల కావాలి. లోతు దుక్కి పిల్ల దశలో ఉన్నవాటిని చంపేస్తుంది, నేల మీద పరిచే ప్లాస్టిక్ మల్చ్ దారి మూసేస్తుంది. బొంగుల్లో, ఎండు కాడల్లో గూడు కట్టే వాటికి 4 నుంచి 10 మిల్లీమీటర్ల రంధ్రాలు, సుమారు 15 సెంటీమీటర్ల లోతు ఉండాలి. గొట్టం పొట్టిదైతే మగవే ఎక్కువ పుడతాయి, ఎందుకంటే తల్లి ఆడ గుడ్లను లోపలి గదుల్లో, మగ గుడ్లను వాకిలి దగ్గర పెడుతుంది. అదే కొయ్య దిమ్మెను ఏళ్ళ తరబడి మార్చకుండా ఉంచితే పేలు, బూజు తెగులు పేరుకుని అది ఇల్లుగా కాక ఉచ్చుగా మారుతుంది. మార్కెట్లో దొరికే అందమైన "కీటకాల హోటళ్ళు" చాలావరకు ఈ తప్పుతోనే తయారవుతాయి.

మూడోది పురుగుమందు. సాయంత్రం పూట పిచికారీ చేస్తే పెట్టె తేనెటీగలు చాలావరకు తప్పించుకుంటాయి. విత్తనానికి పట్టించే అంతర్వాహిక మందులు మాత్రం పుప్పొడిలోకి, మకరందంలోకి చేరతాయి, వేళ చూసుకుంటే సరిపోదు. స్వీడన్‌లో 2015లో ప్రచురించిన పొలం స్థాయి ప్రయోగంలో నియోనికోటినాయిడ్ అనే అలాంటి మందు పట్టించిన విత్తనం వేసిన చోట్ల అడవి తేనెటీగల సాంద్రత తగ్గింది, బంబుల్ గూళ్ళు సరిగా పెరగలేదు. అదే చోట పెట్టె తేనెటీగల గూళ్ళలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వేల సంఖ్యలో కూలి ఈగలున్న గూడు కొంత నష్టాన్ని ఓర్చుకుంటుంది, ఒక్క తల్లే అన్ని పనులూ చేసుకునే జాతికి ఆ వెసులుబాటు లేదు. మందుల భద్రతను పెట్టె తేనెటీగ మీదే పరీక్షించడంలోని లోపం ఇదే. యూరోపియన్ యూనియన్ 2018లో మూడు నియోనికోటినాయిడ్ల ఆరుబయటి వాడకాన్ని నిషేధించింది.

## ఖర్చు ఒకరిది, ఫలం పక్కవాడిది

తేనెటీగకు సరిహద్దు రాయి తెలియదు. ఒకరు గట్టు వదిలితే ఆ గట్టు మీద పుట్టిన కీటకాలు నలుగురి పొలాల్లో వాలతాయి. ఆ నలుగురూ ఖర్చు పంచుకోరు. పంట లాభం మొత్తంగా ఖర్చును మించినా, వదిలిన మనిషికి మించకపోవచ్చు. అందుకే ఈ పని చాలాచోట్ల ప్రభుత్వ చెల్లింపుల మీద నడుస్తుంది. అమెరికా పరిరక్షణ భూముల పథకంలో పరాగ సంపర్క ఆవాసానికి సీపీ42 అనే ప్రత్యేక విభాగం ఉంది. కోస్టారికా 1997 నుంచి అడవి నిలిపినందుకు భూయజమానులకు డబ్బు ఇస్తోంది. పెద్ద కమతాల్లో పరిధి అంతా ఒకరిదే కనుక లెక్క సులువు. చిన్న కమతాలున్న చోట ఇరుగుపొరుగు కలిసి చేయకపోతే ఫలం చెదిరిపోతుంది.

## కాఫీ పోయి అనాస వచ్చాక

పరాగ సంపర్క విలువను చాటడానికి ఎక్కువగా ఉదహరించే అధ్యయనం కోస్టారికాలోని ఫింకా శాంటా ఫే అనే కాఫీ తోటది. 2004లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం అడవికి 1 కిలోమీటరు లోపున్న కాఫీ దిగుబడి 20 శాతం ఎక్కువ, కాయలో రెండుకు బదులు ఒకే గింజ పట్టే లోపం 27 శాతం తక్కువ. పక్కనున్న రెండు అడవి ముక్కల వల్ల ఆ ఒక్క తోటకే ఏటా సుమారు 60,000 డాలర్ల లాభం అని తేలింది. అడవిని కాపాడడానికి ఇంతకన్నా మంచి వాదన ఏముంటుంది అనిపించింది. ఆ తర్వాత కాఫీ ధర పడిపోయింది. యజమానులు కాఫీ తీసేసి అనాస వేశారు. అనాస పండుకు పరాగ సంపర్కం అక్కర్లేదు, జరిగితే గింజలు పడి పండు చెడుతుంది కూడా. అడవి అక్కడే ఉంది, తేనెటీగలూ ఉన్నాయి, 60,000 డాలర్లు మాత్రం సున్నా అయ్యాయి.

లెక్క తప్పు కాదు. ఆ లెక్క మీద మోపిన బరువే ఎక్కువ. 2015లో 90 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు అడవి తేనెటీగలు హెక్టారుకు సగటున 3,251 డాలర్ల పంటకు తోడ్పడుతున్నట్టు తేలింది, పెట్టె తేనెటీగల 2,913 డాలర్లకు దాదాపు సమానంగా. అదే అధ్యయనంలో రెండో వాక్యం ఉంది: ఆ సేవలో 80 శాతం చేసేది 2 శాతం జాతులే, అవీ సాధారణంగా కనిపించేవే, పూల పట్టీలకు తేలిగ్గా స్పందించేవే. అరుదైన జాతులకు పంట పద్దులో దాదాపు వాటా లేదు. పంట విలువే ఏకైక ప్రమాణమైతే మిగిలిన 98 శాతాన్ని నిలబెట్టే వాదన బలహీనపడుతుంది. ఈ ఏడాది పనికిరాని జాతి మరో ఏడాది, మరో వాతావరణంలో ముందుకు రావచ్చన్న బీమా వాదన కొంతవరకు ఆదుకుంటుంది, అంతే.

అందుకే చట్టాలు ఈ రెండు ప్రశ్నలను వేరుగా చూస్తాయి. పొలం గట్టుకు చెల్లింపు ఎంత అన్నది ఆర్థిక ప్రశ్న. 2017లో అమెరికాలో రస్టీ ప్యాచ్డ్ బంబుల్ తేనెటీగను అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది మాత్రం జీవశాస్త్ర ఆధారాల మీదే. ఆ తేనెటీగ ఏ పంటకు ఎంత సంపాదించిపెట్టిందన్నది జాబితా నిర్ణయంలో పరిగణించడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు.